నారాయణయ్య గారి కుర్చీ

1983 ఫిబ్రవరి 28, సోమవారం. ఆత్మకూరు.

నారాయణయ్య గారు ఈ రోజు రిటైరయ్యారు. ఇంకా మూడేళ్ళ సర్వీసుందని అనుకుంటుండగానే గవర్నమెంటు యాభై ఐదుకే ఇంటికి పొమ్మంది. ఊళ్ళో ఈ ఒక్కరోజే ఎంతమంది రిటైరయ్యారో ఏమో, బంతిపూలు అయిపోయాయని మా ప్యూను సుభాన్ కనకాంబరాల దండ పట్టుకొచ్చాడు. మగమనిషి మెడలో కనకాంబరాలు! ఆయన నవ్వారు. తర్వాత ఏడ్చారు. మేమూ ఏడ్చాం.

చెవిటి పిల్లల్ని మామూలు బడిలోనే కూర్చోబెట్టి చదివించే ఈ గ్రాంటు స్కీమును ఆత్మకూరుకు తెచ్చింది ఆయన. అటు ఉదయగిరి నుంచి ఇటు సంగం దాకా బస్సుల్లో పడి తిరిగి పిల్లల్ని పట్టుకొచ్చింది నేను. చెవి మిషన్ పెట్టుకోవడానికి ప్రతి గౌనుకూ, ప్రతి చొక్కాకూ జేబు కుట్టింది కూడా నేనే.

పోతూ పోతూ తాళాలు నా చేతిలో పెట్టారు.

"ఇంక నువ్వేనమ్మా లిదియమ్మా. నెల్లూరు ఆఫీసులో నీ పేరే చెప్పి వచ్చినాను," అన్నారు.

నాకు యాభై ఒకటి. కొత్త రూలు లెక్కన ఇంకో నాలుగేళ్ళు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

మార్చి 9

నారాయణయ్య గారి వైరు కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ లేనప్పుడే లెండి. ఆయన కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడింది. నాకు సరిపోలేదు గానీ అలవాటవుతుంది.

(లెండి అని ఎవరితో అంటున్నాను? ఇది నేను తప్ప చదివేవాళ్ళెవరు?)

ఏప్రిల్ 22

ఆర్డరు రాలేదు. వేసవి సెలవులు. వస్తుంది.

జూన్ 14, మంగళవారం

వచ్చింది. ఆర్డరుతో పాటు మనిషి కూడా వచ్చింది.

బషీరున్నీసా. ఉదయగిరి మనిషి. మద్రాసులో చెవిటి పిల్లల చదువు మీద ప్రత్యేకంగా ట్రైనింగు అయిందట. ముప్పై కూడా నిండలేదు. చేతి నిండా గాజులు, భుజాన ఒక సంచి. గడప దాటి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"టీచర్! మీరా! నన్ను గుర్తుపట్టలేదా? ఉదయగిరి బళ్ళో మూడో తరగతి. మీ దగ్గరే గదా నేను ఎక్కాలు నేర్చుకున్నాను!"

గుర్తుపట్టాను. జడ ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. ముక్కు కారుతుండేది. ఆ ముక్కు నేనే తుడిచి ఉంటాను. ఇప్పుడు ఆమె వచ్చి ఈ స్కీముకు కోఆర్డినేటరు. నేను ఆమె కింద టీచరును.

"కూర్చోండి మేడం," అన్నాను, కుర్చీ చూపించి.

"మేడం ఏంది టీచర్, నన్ను బషీరూ అనండి," అంది. కూర్చుంది మాత్రం. ఆ గుంటలో చక్కగా సరిపోయింది.

జూన్ 15

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. మా అవ్వ ఊరికే అనలేదు.

జూన్ 27

నాకు అసూయేమీ లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను అంతే. ఆమె తెలివైనదే, కాదనను. కానీ ఈ పల్లెల సంగతి ఆమెకేం తెలుసు? మద్రాసులో ఫ్యాన్ల కింద నేర్చుకున్న చదువు. మన తల్లుల ముందు అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చూస్తాను.

జులై 20

తల్లుల్ని కూడా పిల్లల పక్కనే కూర్చోబెడుతోంది. బిడ్డకు ఎదురుగా, మూతి కనపడేట్టు మాట్లాడమని నేర్పిస్తోంది. తల్లులు సిగ్గుపడి, నవ్వి, చివరికి నేర్చుకుంటున్నారు. రెండేళ్ళ కిందట ఇదే మాట నేను నారాయణయ్య గారికి చెప్పాను. "ఇప్పుడెందుకులేమ్మా" అన్నారు. నేను చెబితే ఎందుకులేమ్మా, ఈమె చేస్తే ఆహా ఓహో. నెల్లూరు నుంచి ఆఫీసరు చంద్రశేఖర్ గారు వచ్చి భేష్ అని పోయారు. ఆయనకు టీ ఇచ్చింది నేను.

ఆగస్టు 11, గురువారం

ఈ రోజు జరిగింది రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మస్తానమ్మ అంటే రోశమ్మ కూతురు. అనుమసముద్రంపేటకు అవతల చెరువు కింద పల్లె వాళ్ళది. తల్లి కూలికి పోతుంది, తండ్రి చెరువులో చేపలు పడతాడు. పేట దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నారు. బడికి తెచ్చిన రోజున ఆ పిల్ల నా చెయ్యి కొరికింది. ఆ మచ్చ ఇంకా ఉంది. తర్వాత తర్వాత నాకొక పేరు పెట్టింది. నోటితో కాదు, వేలితో. ముక్కు మీద వేలు పెట్టి, జారిపోయే కళ్ళజోడును పైకి తోసినట్టు చేస్తుంది. అది నేను. ఆ పిల్లను చూసి మిగతా పిల్లలంతా నన్ను అట్లాగే పిలుస్తారు. నేను పుట్టాక ఎన్నో పేర్లతో పిలిపించుకున్నాను గానీ ఇంత ముద్దుగా ఏదీ లేదు.

ఈ రోజు బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. నన్ను దాటిపోయి లోపలికి తొంగిచూసి, ముంజేతిని గలగలా ఆడించింది. గాజులు. బషీరున్నీసాకు పెట్టిన పేరు.

కడుపు మండిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల మీద కోపం వచ్చింది నాకు. ఛీ.

ఆగస్టు 14, ఆదివారం

పాస్టరు గారు పొరుగువాళ్ళది ఆశించకూడదని ప్రసంగం చేశారు. ఇల్లు, ఎద్దు, గాడిద అన్నీ వరసపెట్టి చెప్పారు. కుర్చీ మాట రాలేదు.

సెప్టెంబరు 18

రోశమ్మ ఇంటికి నేనూ బషీరున్నీసా పోయాం. కొరమీను పులుసు పెట్టింది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో మొదటి ముక్క నాదే. ఈ రోజు మొదటి ముక్క ఆమెకు.

"కొత్తామె గదా టీచరమ్మా, నువ్వు మనింటి మనిషివే," అంది రోశమ్మ.

మనింటి మనిషి అంటే ఇదన్నమాట. ముల్లు గొంతులో ఇరుక్కుంది. అన్నం ముద్ద మింగితే పోయింది.

అక్టోబరు 6

ఆమె నా కోసం ఉదయగిరి నుంచి సీతాఫలాలు తెచ్చింది. తియ్యగా ఉన్నాయి. అన్నీ తిన్నాను. అదొక బాధ.

నవంబరు 12, శనివారం

చంద్రశేఖర్ గారు ఇరవై తొమ్మిదో తేదీ ఇన్‌స్పెక్షనుకు వస్తున్నారు. గ్రాంటు వచ్చే ఏడాదికి పొడిగించేది లేనిది అప్పుడే తేలుతుంది. మిషన్లు పెట్టుకున్న పిల్లలు వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఆయన చూసేది అదొక్కటే.

ఇరవై తొమ్మిది సరిగ్గా పేట దర్గాలో గంధం ఉత్సవం జరిగే వారం.

బషీరున్నీసా మొహం వెలిగిపోతోంది. "టీచర్, ఆ వారం తల్లులంతా ఎట్టాగూ దర్గాకే వస్తారు. మనం ఇన్‌స్పెక్షను పేట బళ్ళోనే పెట్టుకుంటే? ఒక్క బిడ్డ కూడా తప్పిపోడు. ఎట్టుంది?" అంది.

ఎంత మంచి ఆలోచన! నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. గంధం వారంలో మన తల్లులు పిల్లల చెవుల్లోంచి మిషన్లు తీసేస్తారు. దర్గాలో ఎవరూ తియ్యమనలేదు, తల్లులే పెట్టుకున్న కట్టుబాటు అది. బాబా బాగుచేస్తాడని మొక్కుకుని, చెవిలో మిషన్ పెట్టుకునిపోతే నమ్మకం లేనట్టే కదా అంటారు. హిందువులూ అంతే, సాయిబులూ అంతే. మొదటి ఏడు నేను పోట్లాడి ఓడిపోయి, పోనీ తడి తగలకుండా బియ్యం డబ్బాలో దాచుకోండి అని నేనే చెప్పాను. నారాయణయ్య గారు ఆ వారం ఎవర్నీ రానిచ్చేవారు కాదు.

ఇది ఆమెకు తెలియదు. ఉదయగిరిలో ఇంతమంది మిషన్ల పిల్లలెక్కడ?

"బాగుంది," అన్నాను.

నవంబరు 13

ఆమె అడిగింది ఆలోచన ఎట్లా ఉందని. బాగుందన్నాను. ఆలోచన బాగుంది. అందులో అబద్ధమేముంది?

నవంబరు 17

చెప్పాలనుకుంటూ ఆమె గదిలోకి పోయాను. మస్తానమ్మ ఆమె ఒడిలో కూర్చుని గాజులు లెక్కపెడుతోంది. తిరిగి వచ్చేశాను.

నవంబరు 23

కోఆర్డినేటరు అన్నాక అన్నీ తెలుసుకోవాలి. ఒకరు చెప్పాలని కూర్చుంటే ఎట్లా?

నవంబరు 28, సోమవారం

రేపే. ఆమెకు గొంతు నొప్పి, త్వరగా ఇంటికి పోయింది. పాపం, పడుకోనీ. ఇప్పుడు పోయి చెబితే నిద్ర చెడుతుంది.

నవంబరు 29, మంగళవారం

అయిపోయింది.

పేట బడి అరుగు మీద పిల్లలంతా తలంట్లు పోసుకుని, పౌడర్లు రాసుకుని వరసగా కూర్చున్నారు. చంద్రశేఖర్ గారు జీపు దిగారు. బషీరున్నీసా పిల్లల వెనక్కు పోయి నిలబడి, నవ్వుతూ, "మస్తానమ్మా!" అని పిలిచింది. ఆ పిల్ల ఎదురుగా మిఠాయి అంగడి వైపు చూస్తోంది. మళ్ళీ పిలిచింది. తర్వాత ఇంకో పిల్లను. ఇంకో పిల్లవాణ్ణి. ఒక్క తల తిరగలేదు. ఆమె ముందుకు వచ్చి చూసింది. ఒక్క జేబులోనూ మిషన్ లేదు. నేను కుట్టిన జేబులన్నీ ఖాళీ.

"ఏందమ్మా ఇది? గవర్నమెంటు ఇచ్చిన మిషన్లు అమ్ముకున్నారా ఏంది?" అని అరిచారు ఆఫీసరు.

తల్లులకు రోషం వచ్చింది. అందరికంటే ముందు రోశమ్మ లేచింది.

"అమ్ముకునేదానికి మేమేం దొంగలమా సారూ? గంధం వారం ఎవురన్నా మిషన్లు పెడతారా? బాబాకు మొక్కుకోనొచ్చి, బిడ్డ చెవులో మిషను పెట్టుకోనుంటే, నువ్వు అక్కర్లేదులే అని చెప్పినట్టు గాదా? అన్నీ బియ్యం డబ్బాలో భద్రంగా ఉండాయి. మా లిదియమ్మ టీచరుకు తెలుసు. ఆమే గదా అట్ట దాచుకోమనింది!"

ఆఫీసరు నా వైపు తిరిగారు. "మీకు తెలుసా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. అందరూ చూస్తున్నారు. బషీరున్నీసా కూడా చూసింది. ఆ చూపులోనే ఆమెకు అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఒక్క క్షణం పట్టింది అంతే. ఆఫీసరు వైపు తిరిగింది.

"టీచర్ నాకు ముందే చెప్పింది సార్. ఈ వారం వద్దని చెప్పింది. నేనే ఇనలేదు. తప్పు నాదే."

"చెప్పినా వినకుండా పిలిపించినావా నన్ను? ఇంత దూరం?"

"అవును సార్."

నేను అప్పుడైనా మాట్లాడొచ్చు. కళ్ళజోడు పైకి తోసుకున్నాను. అంతే చేశాను.

నవంబరు 30

సెలవు పెట్టాను. జ్వరం లేదు.

డిసెంబరు 6, మంగళవారం

ఆర్డరు వచ్చింది. బషీరున్నీసాను ఉదయగిరి బడికి మామూలు టీచరుగా పంపించేశారు. ఆమె చదివిన చదువుకు అక్కడ పనిలేదు. గ్రాంటు సంగతి ఇంకో ఇన్‌స్పెక్షను తర్వాత చూస్తారట. అంతవరకు స్కీము బాధ్యత శ్రీమతి లిదియమ్మది.

నా పేరు. నేను కోరుకున్నది కోరుకున్నట్టే వచ్చింది.

డిసెంబరు 8, గురువారం

ఆమె సాయంత్రం బస్సుకు పోయింది. బస్టాండు దాకా నేను పోకూడదనుకున్నాను, పోయాను. సుభాన్ సంచి ఎక్కించాడు. మేమిద్దరం కిళ్ళీ బంకు పక్కన నిలబడ్డాం. అడిగేశాను.

"ఎందుకట్లా చెప్పావు? నేను చెప్పలేదు కదా నీకు."

"చెప్పలేదు," అంది.

"మరి?"

"మీకు గుర్తులేదా టీచర్? ఉదయగిరి బళ్ళో పలకల పెట్టె పడేసినాను నేను. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజే. పలకలన్నీ పగిలిపోయె. పెద్దయ్యవారు చింతబరికె పట్టుకోని ఎవుర్రా అని అడిగితే, నా చెయ్యి తగిలి పడినాయండీ అని మీరు చెప్పినారు. ఇన్‌స్పెక్టరు ముందర మిమ్మల్ని ఎన్ని మాటలన్నాడు! మీరు కళ్ళజోడు పైకి తోసుకోని, తలొంచుకోని నిలబడినారు."

"నేనా?"

"మీరే. మొన్న పేటలో మీరు మళ్ళీ అట్టనే నిలబడింటే నాకు అదే గుర్తొచ్చింది. అంతకుమించి నేనేం ఆలోచించలేదు. కోపం రాలేదని గాదు టీచర్. వచ్చింది. రాత్రంతా ఏడ్చినాను."

బస్సు వచ్చింది. ఎక్కింది.

ఇంటికి వచ్చినప్పటి నుంచి గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నాను. ఉదయగిరిలో నాకు ఇల్లు అద్దెకివ్వనన్న వాళ్ళ పేర్లు గుర్తున్నాయి. మా పెళ్ళికి రాని వాళ్ళు గుర్తున్నారు. మా ఆయన పోయినప్పుడు పలకరించని వాళ్ళు వరసగా గుర్తున్నారు. ఈ పలకల సంగతి మాత్రం ఎంత తవ్వినా రావడంలేదు. నేను చేసిన ఆ ఒక్క మంచిపనీ నా దగ్గర లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె దగ్గరే ఉంది, పైగా ఆమె దాన్ని నాకంటే బాగా వాడుకుంది.

దీనికి కూడా అసూయ పడుతున్నాను. ఇంతకంటే దిగజారడానికి ఏమీ లేదనుకుంటాను.

డిసెంబరు 9

కుర్చీ గుంట నడుముకు నొప్పి. సుభాన్‌ను దిండు తెమ్మన్నాను.

డిసెంబరు 12, సోమవారం

పిల్లలు వచ్చారు. మిషన్లు మళ్ళీ జేబుల్లో ఉన్నాయి. మస్తానమ్మ గదిలోకి వచ్చి, కుర్చీలో నన్ను చూసి, చుట్టూ చూసి, ముంజేతిని గలగలా ఆడించింది. ఎక్కడ అని రెండు చేతులూ విప్పింది.

ఆ పిల్ల చేతి భాష ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అర్థం కానట్టు మొహం పెట్టాను. ఆ పిల్ల మళ్ళీ చేసింది, నిదానంగా, నాకు తెలియనిదేదో నేర్పుతున్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఏమనుకుందో ఏమో, తన చెవిలోంచి మిషన్ తీగను పీకి, నా ఒళ్ళోకి ఎక్కి, జాగ్రత్తగా నా చెవిలో పెట్టింది. నాకు వినపడటం లేదనుకుంది. పెట్టి, నా మొహంలోకి చూస్తూ, చెయ్యి మళ్ళీ ఆడించింది.

ఏడుపు ఆగలేదు. సుభాన్ తలుపు దగ్గర నుంచే వెళ్ళిపోయాడు. ఆ పిల్ల నా కళ్ళజోడును పైకి తోసింది, తన వేలితో.

రేపు నెల్లూరు పోతాను. ఆఫీసరుతో చెప్పేస్తాను.

డిసెంబరు 13

పోలేదు. జలుబు.

డిసెంబరు 14

బస్సు దొరకలేదు.

(దొరికింది. ఎక్కి, సంగంలో దిగిపోయాను. ఆనకట్ట మీద నీళ్ళు చూస్తూ కాసేపు నిలబడి, ఎదురు బస్సులో వెనక్కు వచ్చాను. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక ఎక్కడ నిజం చెబుతాను?)

డిసెంబరు 15, గురువారం

పోయాను. సంగం రాగానే కళ్ళు మూసుకున్నాను.

చంద్రశేఖర్ గారు భోంచేసి పళ్ళు కుట్టుకుంటున్నారు. నిలబడే చెప్పాను. నాకు తెలుసు, కావాలనే చెప్పలేదు, బషీరున్నీసా నన్ను కాపాడటానికి అబద్ధం ఆడింది, ఆమెను వెనక్కు తెప్పించండి. పళ్ళపుల్ల పారేశారు.

"ఎందుకు చేసినట్టమ్మా? నీకేం కావాల?"

"కుర్చీ కావాలండి."

"ఈ వయసులో ఇదేం బుద్ధమ్మా?"

"కొత్తగా వచ్చింది కాదండీ. మొదటినుంచీ ఉన్నదే," అన్నాను.

ఆయనకు నవ్వు వచ్చి ఆపుకున్నారు. తర్వాత మాత్రం తలుపులు అదిరేట్టు తిట్టారు. గుమాస్తాలు పనులు ఆపి విన్నారు. నాకు మెమో ఇస్తానన్నారు, ఇవ్వమన్నాను. తలొంచుకుని నిలబడ్డాను. కళ్ళజోడు జారింది. పైకి తోసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. పలకలు కాదు. పలకల పెట్టె వెనక నక్కిన ఒక చిన్న మొహం, ఊడిపోయిన జడ. నిజంగా గుర్తొచ్చిందో, ఆమె చెప్పింది విని నేనే కల్పించుకున్నానో చెప్పలేను.

1984 జనవరి 9, సోమవారం

బషీరున్నీసా తిరిగి వచ్చింది. ఆర్డరులో ఏం రాసి ఉందో ఆమె చదివే ఉంటుంది. ఆ మాట ఎత్తలేదు. నాకు వచ్చిన మెమో గురించీ అడగలేదు. గుమ్మంలో నిలబడి, "టీచర్, టీ తాగినారా?" అంది. తాగలేదన్నాను. ఈసారి ఆమే పోసి ఇచ్చింది. చక్కెర ఎక్కువ వేస్తుంది.

మస్తానమ్మ ఆమె నడుము పట్టుకుని వదల్లేదు. చూస్తుంటే ఇంకా మండుతోంది. పోతుందనుకున్నాను, పోలేదు. పోదేమో. తలనొప్పితో కూడా పని చేసుకుంటాం కదా.

ఇన్‌స్పెక్షను ఫిబ్రవరిలో. అప్పుడు గంధమూ లేదు, ఏ మొక్కులూ లేవు. తల్లులందర్నీ అడిగి చూశాను.

మధ్యాహ్నం ఆమె క్లాసులో ఉండగా గదిలోకి పోయి, సుభాన్‌ను పిలిచి, ఈ ఏడు గంధం ఎప్పుడొస్తుందో అడిగాను. నెలవంకను చూసి చెప్పాలంటూనే నవంబరు మధ్యలో అన్నాడు. కుర్చీ వెనక ఆమె కొత్త క్యాలెండరు తగిలించుకుంది. నవంబరు పేజీ తీసి ఆ వారమంతా ఎర్ర పెన్సిలుతో చుట్టి, పక్కన రాశాను: "ఈ వారం మిషన్లు ఉండవు. ఎవర్నీ పిలవొద్దు. లిదియమ్మ."

క్యాలెండరు మంచి రంగుల్లో ఉంది. నాకు ఇచ్చిన క్యాలెండరు నలుపూ తెలుపూ.